‘పడ్డది’ అన్న మాట మీద పెట్టిన సంతకం

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, మార్చి నెల రెండో ఆదివారం నాడు, మియాపూర్ అవతల ఉన్న మా యార్డు నుంచి గచ్చిబౌలిలోని ఒక ఐటీ క్యాంపస్‌కి ఇరవై ఎనిమిది టన్నుల జనరేటర్ పంపించే పని నాకు అప్పగించారు. పంపించడమంటే నేను నడిపేది లేదు, మోసేది అంతకన్నా లేదు. భారీ సరుకు రవాణా చేసే ఆ కంపెనీలో నా హోదా సేఫ్టీ సూపర్‌వైజర్. హోదాలో డ్రైవర్ కంటే ఒక మెట్టు పైన, పనితనంలో పది మెట్లు కింద. బండి గేటు దాటే ముందు ఒక ఫారం మీద పద్నాలుగు గళ్లలో టిక్కులు పెట్టి, అడుగున సంతకం చేయడం నా వృత్తి. అన్నేళ్లు టిక్కులతోనే బతికాను కాబట్టి మా ఆవిడ నన్ను గోడ గడియారంతో పోల్చేది. గడియారం కనీసం టైమైనా చెబుతుందని కూడా అనేది.

ఆ రోజు ఏం జరిగిందో అర్థం కావాలంటే ముందు బండి సంగతి చెప్పాలి. రోడ్డు మీద ఒకే పొడవాటి లారీలా కనిపించే ట్రైలర్ నిజానికి రెండు బళ్లు. ఇంజనూ క్యాబినూ ఉన్న ముందు భాగాన్ని మా వాళ్లు హార్స్ అంటారు. గుర్రమే. సరుకు మోసే వెనక భాగం ట్రైలర్. దానికి ముందు వైపు చక్రాలుండవు. హార్స్ లేనప్పుడు రెండు ఇనుప కాళ్ల మీద నిలబడుతుంది. ఆ కాళ్లను ఒక హ్యాండిల్ తిప్పి పైకీ కిందకీ ఆడించవచ్చు. ఈ రెంటినీ కలిపేది ఫిఫ్త్ వీల్. ఇరవై రెండు టైర్ల బండిలో దీన్ని ఐదో చక్రం ఎందుకన్నారని చేరిన కొత్తలో అడిగాను. నాలుగు చక్రాల గుర్రబ్బళ్ల కాలం నాటి పేరని చెప్పారు. తీరా చూస్తే అది చక్రం కూడా కాదు. హార్స్ వీపు మీద గ్రీజు పూసి బోర్లించిన పెద్ద పెనంలా ఉంటుంది, వెనక వైపు ఒక చీలికతో. దాన్నే ప్లేటు అంటాం. ట్రైలర్ కడుపు కింద నుంచి మణికట్టంత లావు ఇనుప మేకు ఒకటి వేలాడుతుంది. దాని పేరు కింగ్ పిన్. హార్స్ వెనక్కి వచ్చినప్పుడు ఆ పిన్ చీలికలోకి దూరాలి, లోపలున్న రెండు ఉక్కు దవడలు దాని మెడను పట్టుకోవాలి. బండి మొత్తం ఆ పట్టు మీదే నడుస్తుంది. రెండో పట్టు లేదు.

దవడలు పట్టాయా లేదా అన్నది చూసే పద్ధతి ఫారంలో తొమ్మిదో గడి. ట్రైలర్ చక్రాలకు అడ్డుకట్టలు వేసి, బ్రేకు మీద ఉంచి, హార్స్‌ను మెల్లగా ముందుకు లాగి చూడాలి. దీన్ని టగ్ టెస్ట్ అంటారు. కదలకపోతే సరిపోయిందని అనుకోకూడదు. డ్రైవర్ దిగి, టార్చి పట్టుకుని, ట్రైలర్ కింద దూరి రెండు సంగతులు చూడాలి. ప్లేటుకూ ట్రైలర్ అడుగుకూ మధ్య సందు ఉండకూడదు. దవడలు పిన్ మెడ చుట్టూ మూసుకుని ఉండాలి. తర్వాత సూపర్‌వైజర్ విడిగా దూరి అవే రెండు చూడాలి. నాలుగు కళ్లు, రెండు సంతకాలు. కాగితం మీద ఇది మంచి పద్ధతి.

నేల మీద మా యార్డులో ఇంకో పద్ధతి ఉండేది. డ్రైవర్ చూసి ‘పడ్డది’ అనేవాడు. లాక్ పడిందని. సూపర్‌వైజర్ సంతకం చేసేవాడు. డ్రైవర్ చూసి వచ్చాక మళ్లీ ఇంకొకడు దూరి చూడటమంటే అతని మాట నమ్మలేదని పదిమంది ముందు చెప్పడం. ఇది ఎక్కడా రాసి లేదు. నేను దాన్ని నేర్చుకున్నది సత్తయ్య దగ్గర.

సత్తయ్య మా యార్డులో అందరికంటే సీనియర్ డ్రైవర్. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి బోరబండలో స్థిరపడ్డ మనిషి. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఎంత పెద్ద ట్రైలర్‌నైనా గల్లీలో వెనక్కి నడిపి, గోడకు జానెడు దూరంలో ఆపి, అద్దంలో చూసుకుని మీసం దువ్వుకునేవాడు. నేను మియాపూర్ యార్డుకు బదిలీ అయిన మొదటి వారం, రూల్ పుస్తకం ఇంకా చేతిలో వేడిగా ఉండగా, ఆయన ‘పడ్డది’ అన్నాక నేను టార్చి తీసుకుని కిందకి దూరాను. బయటికి వచ్చేసరికి ఆయన బండి తాళం నా అరచేతిలో పెట్టాడు.

“మీకు అన్ని ఎర్కే కదా సారూ. అయితే మీరే నడుపుండ్రి.”

పోయి గేటు బయట టీ కొట్టు దగ్గర కూర్చున్నాడు. నేను తాళం పట్టుకుని నిలబడ్డాను. నాకు స్కూటర్ తప్ప ఏదీ నడపడం రాదు, స్కూటర్ కూడా వచ్చని ధైర్యంగా చెప్పలేను. చివరికి బ్రాంచి మేనేజర్ వెళ్లి బతిమాలి తీసుకొచ్చాడు. అనంతపురం నుంచి వచ్చిన కొత్త సారు మనుషుల్ని నమ్మడని యార్డంతా అనుకున్నారు. ఆ మాట పోగొట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆ తర్వాత పదకొండేళ్లు, సత్తయ్య ‘పడ్డది’ అంటే నేను సంతకం చేశాను. ఆయన మాట ఒక్కసారి కూడా తప్పలేదు. నేను దాన్ని మర్యాద అనుకున్నాను. నా ప్యాంటుకు గ్రీజు అంటకపోవడం ఆ మర్యాదలో దక్కిన లాభం.

ఇక ఆ ఆదివారం. ఐటీ కారిడార్‌లో పగలు భారీ బళ్లు తిరగడానికి వీల్లేదు. ఆ క్యాంపస్‌లో జనరేటర్ దించే క్రేన్‌కు వెలుతురు కావాలి, జనరేటర్ బిగించేదాకా కరెంటు ఆపాలి, ఆఫీసుకు జనం రాని రోజు కావాలి. అందుకని ట్రాఫిక్ పోలీసులను అడిగి ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ప్రత్యేక అనుమతి తీసుకున్నారు. ఇవన్నీ కుదిర్చింది క్యాంపస్ తరఫున లావణ్య అనే ఇంజనీరు. కాకినాడ అమ్మాయి. ఒక్క రోజు కరెంటు ఆపించడానికి తన పైవాళ్లను నెల రోజులు ఒప్పించిందట. పన్నెండున్నర లోపే మూడుసార్లు ఫోన్ చేసింది.

“బయల్దేరారా అండి? క్రేన్ వాళ్లు పొద్దున్నుంచి కూర్చునే ఉన్నారండి.”

బయల్దేరుతున్నామని మూడుసార్లూ చెప్పాను. బయల్దేరడానికీ బయల్దేరుతున్నామనడానికీ మధ్య మా వృత్తి అంతా ఉంటుంది.

జనరేటర్‌ను శుక్రవారమే ట్రైలర్ మీదకు ఎక్కించి కట్టారు. సత్తయ్యే తన హార్స్‌తో దాన్ని యార్డు మధ్యకు తెచ్చి, కాళ్లు దించి, తన చేత్తో ఎత్తు సరిచూసి వదిలాడు. శనివారం ఆయన హార్స్ క్లచ్ పోయి వర్క్‌షాపుకు వెళ్లింది. బదులుగా ఇంకో యార్డు నుంచి వేరే హార్స్ వచ్చింది. అదే కంపెనీ, అదే రంగు. ప్లేటు మాత్రం పాతదానికంటే కిందకి ఉంది. ఎంతో కాదు, మూడు నాలుగు వేళ్లు. పక్కపక్కన నిలబెడితే తప్ప కంటికి తెలియదు. పక్కన నిలబెట్టడానికి పాతది అక్కడ లేదు.

పన్నెండూ నలభైకి సత్తయ్య కొత్త హార్స్‌ను వెనక్కి తెచ్చాడు. ఎప్పటిలాగే తిన్నగా, ఒక్కసారి కూడా స్టీరింగ్ సరిచేసుకోకుండా వచ్చాడు. వెనక్కి దూరే ముందు బండి ఆపి, దిగి, ప్లేటు ఎత్తూ ట్రైలర్ ఎత్తూ పోల్చి చూడాలి. ట్రైలర్ ముందు అంచు ప్లేటు కంటే ఒక వేలు కిందే ఉండాలి, అప్పుడే ప్లేటు దాన్ని రాసుకుంటూ, కాస్త పైకి లేపుతూ దూరుతుంది. ఫారంలో అది ఆరో గడి. ఆయన దిగలేదు. ఆ ఎత్తు శుక్రవారం ఆయనే పెట్టాడు కదా. నేను ఆరో గడిలో టిక్కు పెట్టాను. లోపల ‘టక్’ మని చప్పుడైంది. టగ్ టెస్ట్ చేశాడు. ట్రైలర్ కదల్లేదు. దిగి, దవడలను తెరిచే హ్యాండిల్ వైపు వెళ్లి, వంగినట్టు వంగి, లేచి అన్నాడు.

“పడ్డది సారూ.”

ఆయన సంతకం చేశాడు. కింద నేను చేశాను. గాలి గొట్టాలూ కరెంటు తీగా తగిలించాం. అడ్డుకట్టలు తీశాం. ఇక కాళ్లు ఎత్తడమే మిగిలింది.

సత్తయ్య కాళ్ల హ్యాండిల్ తిప్పడం నేను కొన్ని వందలసార్లు చూసి ఉంటాను. ఒంటి చేత్తో, ఎవరితోనో మాట్లాడుతూ, బావిలో నుంచి ఖాళీ బొక్కెన తోడినట్టు తిప్పేవాడు. ఆ రోజు రెండు చేతులూ వేశాడు. నాలుగు చుట్లు తిప్పి ఆగాడు. ఊపిరి తీసుకుని మళ్లీ తిప్పాడు, మళ్లీ ఆగాడు. నుదుటి చెమట భుజంతో తుడుచుకున్నాడు. నేను చూస్తూ నిలబడి, పాపం వయసు మీద పడుతోందనుకున్నాను. నాకంటే నాలుగేళ్లు పెద్దవాడి వయసు గురించి మనిషికి ఎప్పుడూ స్పష్టంగానే తెలుస్తుంది. తర్వాత హ్యాండిల్ ఒక్కసారిగా తేలికైంది, కాళ్లు లేచాయి. ఆయన క్యాబిన్ ఎక్కాడు. బండి గేటు వైపు కదిలింది.

పద్నాలుగో గడిలో టైము రాస్తున్నాను. ఒంటిగంటా ఐదు. రాస్తూ రాస్తూ చెయ్యి ఆగింది.

కాళ్ల హ్యాండిల్ ఎందుకు బరువైంది? ప్లేటు ట్రైలర్‌ను రాసుకుంటూ పైకి లేపుతూ దూరితే, కాళ్ల మీద బరువు అప్పటికే పోయి ఉంటుంది. కాళ్లు నేలను ఊరికే తాకుతుంటాయి. అందుకే రోజూ హ్యాండిల్ ఒంటి చేతికి తిరుగుతుంది. ఈ రోజు మొదటి చుట్టు నుంచీ బరువుందంటే ట్రైలర్ ఇంకా కాళ్ల మీదే నిలబడి ఉందని అర్థం. అంటే ప్లేటు దాన్ని లేపలేదు. అంటే ట్రైలర్ ఎత్తుగా ఉంది.

ట్రైలర్ ఎత్తుగా ఉన్నప్పుడు ఏమవుతుందో పుస్తకంలో ఒక పేజీ ఉంది. కింగ్ పిన్ చీలికలోకి దిగకుండా ప్లేటు పైనుంచే వస్తుంది. దవడలు మూసుకుంటాయి, కానీ దేన్నీ పట్టుకోవు. పిన్ వాటి నెత్తిన కూర్చుంటుంది. చప్పుడు మామూలుగానే వస్తుంది. దవడల హ్యాండిల్ కూడా, లాక్ పడ్డట్టే, లోపలికి పోతుంది. సరుకు బరువుకు పిన్ ప్లేటు మీద అదిమి ఉంటుంది కాబట్టి మెల్లగా లాగే టగ్ టెస్ట్‌లో కూడా కదలకపోవచ్చు. చదునైన రోడ్డు మీద కొంత దూరం కూడా వెళ్లవచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడో గట్టిగా బ్రేకు వేసినప్పుడో జారుతుంది. మా దారిలో ఒక ఫ్లైఓవర్ ఉంది. ఆదివారం మధ్యాహ్నం దాని మీద బైకులు, ట్యాక్సీలు, బిర్యానీకి బయల్దేరిన కుటుంబాలు ఉంటాయి. ట్రైలర్ వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు దగ్గరగానే వస్తుంటారు.

ఇది నాకు తెలిసిన సంగతి కాదు, తోచిన సంగతి. ఆ తేడా నన్ను అక్కడే కొన్ని క్షణాలు నిలబెట్టేసింది. నా సంతకం కాగితం మీద ఆరిపోయింది. బండి ఆపి కిందకి దూరితే, అంతా సరిగానే ఉంటే? మళ్లీ తాళం నా చేతికి వస్తుంది, పదకొండేళ్ల మర్యాద పోతుంది, పోలీసుల అనుమతి పోతుంది, కాకినాడ అమ్మాయి నెల రోజుల కష్టం పోతుంది. ఆపకుండా ఉండటానికి ఇన్ని మంచి కారణాలు నాకు జీవితంలో ఎప్పుడూ ఒక్కసారే దొరకలేదు.

యార్డు నేల గేటు వైపు కొంచెం వాలుగా ఉంటుంది. బండి గేటుకు పది అడుగుల దూరంలో ఉండగా పరుగెత్తి ముందుకు వెళ్లి చెయ్యి అడ్డం పెట్టాను. పరుగెత్తానని నేను అంటున్నాను. చూసిన వాచ్‌మన్ తర్వాత వేరే మాట వాడాడు. బ్రేకు మెత్తగా వెయ్యమని చేత్తో సైగ చేశాను. సత్తయ్యకు అర్థమైందో, అలవాటో, బండి జోగుతున్నట్టు ఆగింది. కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“ఏందన్నట్టు?”

“రవ్వంత ఆగన్నా. ఒక్కసారి కింద చూసొస్తా.”

ఆయన ఇంజను ఆపేశాడు.

“మళ్ల అదే షురూ జేసిన్రా సారూ? పదకొండేండ్లకు?”

నేను హ్యాండిల్ సంగతి చెప్పబోయి మానుకున్నాను. ఆయనకు హ్యాండిల్ గురించి నేను చెప్పడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. చూడనివ్వమని మాత్రం అన్నాను. ఆయన తాళం తీసి పిడికిట్లో పట్టుకున్నాడు. “చూసుకోండ్రి. చూసినంక ఇది మీ చేతిల వెడత” అన్నాడు.

ఫోన్‌లో లైటు వేసుకుని, హార్స్ వెనక చక్రాల సందులోంచి తల దూర్చాను. గ్రీజు, దుమ్ము, వేడి. ముందు నాకేమీ అర్థం కాలేదు. పదకొండేళ్లుగా చూడనిదాన్ని ఒక్కసారి చూసి పోల్చుకోవడం కష్టం. తర్వాత ప్లేటుకూ ట్రైలర్ అడుగుకూ మధ్య ఒక వెలుగు గీత కనిపించింది. అవతలి వైపు ఎండ. అక్కడ వెలుగు ఉండకూడదు. లైటు కొంచెం జరిపాను. దవడలు శుభ్రంగా, ఖాళీగా మూసుకుని ఉన్నాయి. వాటి మీద కింగ్ పిన్, కుర్చీ దొరికిన అతిథిలా కూర్చుని ఉంది.

బయటికి వచ్చాను. సత్తయ్య కిందికి దిగి నిలబడి ఉన్నాడు, తాళం చేతిలోనే ఉంది. ఏం చూశానో నేను చెప్పలేదు. చెప్పి ఉంటే అది నా మాటా ఆయన మాటా అయ్యేది. “నువ్వొకసారి చూడన్నా” అని ఫోన్ ఇచ్చాను.

ఆయన వంగబోయి, సగంలో ఆగి, చక్రం పట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు. ఆయన మోకాళ్లు వంగడం మానేసి ఎన్నాళ్లయిందో. వచ్చే నెలలో డ్రైవర్లకు ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. అందులో తప్పితే పెద్ద ట్రైలర్లు ఇవ్వరు. అందుకని ఎవరికీ చెప్పలేదు. దవడల హ్యాండిల్ వైపు వెళ్లి, అది లోపలికి పోయిందని చూసి, చప్పుడు విని, పడ్డదనేవాడు. ముప్పై ఏళ్ల చెవి అది. ఒక్కసారీ తప్పు చెప్పలేదు కాబట్టి చూడటం లేదని ఎవరికీ తెలియలేదు. ఆయన మోకాళ్లు వంగవు, నాకు నడుం వంచే అవసరం పడలేదు. మా ఇద్దరి మధ్య ఆ తొమ్మిదో గడిలోకి ఎన్నాళ్లుగానో ఎవరూ తొంగి చూడలేదు.

సత్తయ్య నేల మీద బోర్లా పడుకున్నాడు. మోచేతుల మీద పాకుతూ చక్రాల వరకూ వెళ్లాడు. చాలాసేపు లేవలేదు. ఫోన్ లైటు కింద కదలడం మాత్రం కనిపించింది. లేచాక చొక్కా దులుపుకోలేదు.

“పిన్ను పైన కూసున్నది” అన్నాడు.

తర్వాత ఆయన గొంతు మారింది. అది తప్పు చేసినవాడి గొంతు కాదు, పని తెలిసినవాడి గొంతు. “మీరు జర దూరం జరగుండ్రి. బండి ముట్టకుండ్రి ఎవ్వరు. వాచ్‌మన్‌ను గేటు మూసి రోడ్డు మీద నిలవడమనుండ్రి.”

ఆ ముప్పావుగంట నాకు ఇప్పటికీ వరుసగా గుర్తుంది. జనరేటర్ ముందు భాగం బరువంతా మణికట్టంత పిన్ కొస మీద, వాలు నేల మీద, గేటు వైపు ముఖం పెట్టి నిలబడి ఉంది. గేటు అవతల బస్సు స్టాపు. హార్స్ ఒక్క కుదుపు కుదిపితే ట్రైలర్ ముక్కు నేలకు కొడుతుంది, కట్టు తెగితే జనరేటర్ ఎటు వెళ్లేదీ చెప్పలేం. ముందు రెండు బళ్ల బ్రేకులూ బిగించాం. ట్రైలర్ చక్రాలన్నింటికీ అడ్డుకట్టలు కొట్టాం, ఉన్నవి చాలక రాళ్లు పెట్టాం. కాళ్లు ఆనే చోట మట్టి మెత్తగా ఉంది. యార్డు మూల నుంచి చెక్క దిమ్మెలు మోసుకొచ్చి వాటి కింద పేర్చాను. మొత్తం కథలో నేను చేసిన కూలి పని ఇదొక్కటే, దాని గుర్తు నా నడుంలో ఇంకా ఉంది.

తర్వాత హ్యాండిల్. కాళ్లు దిమ్మెలకు ఆనేదాకా సత్తయ్యే తిప్పాడు. ఆ తర్వాత నిజమైన బరువు మొదలైంది. ట్రైలర్‌ను పిన్ దవడల మీద నుంచి తేలేదాకా లేపాలి. తక్కువ గేరులో ఒక్కో చుట్టుకూ వెంట్రుకవాసి లేస్తుంది. ఇరవై చుట్లు ఆయన, ఇరవై చుట్లు నేను. మధ్యలో ఒకసారి ఇనుము కిర్రుమని మూలిగింది. ఇద్దరం కదలకుండా నిలబడిపోయాం. ఆయన దిమ్మె వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. దిమ్మె ఒక అంగుళం మట్టిలోకి దిగి ఆగింది. ఆయన తల ఊపాడు, మళ్లీ తిప్పాం. నా ఫోన్ జేబులో మోగుతూనే ఉంది.

పిన్ తేలాక ఆయన మళ్లీ బోర్లా పడుకుని చూశాడు. గాలి గొట్టాలు విప్పి, దవడల హ్యాండిల్ లాగి, క్యాబిన్ ఎక్కి, హార్స్‌ను అంగుళం అంగుళంగా ముందుకు తీశాడు. ట్రైలర్ కాళ్ల మీద నిలబడింది. ఆయన దిగి ప్లేటు మీద అరచెయ్యి పెట్టి, ట్రైలర్ అంచు మీద రెండో అరచెయ్యి పెట్టి, రెంటి మధ్య తేడా చూశాడు. కాళ్లను కాస్త పైకి తిప్పి, ట్రైలర్ ఎత్తు తగ్గించి, మళ్లీ వెనక్కి వచ్చాడు. ఈసారి ప్లేటు రాసుకుంటూ, ట్రైలర్‌ను కాస్త లేపుతూ దూరింది. ‘టక్’ మంది. నిజం చెబుతున్నాను, మొదటి చప్పుడుకూ దీనికీ నా చెవికి ఏ తేడా తెలియలేదు. ఆయన పడుకుని చూశాడు. నేను పడుకుని చూశాను. వెలుగు గీత లేదు. దవడలు పిన్ మెడను పట్టుకుని ఉన్నాయి. కాళ్లు ఎత్తబోతే హ్యాండిల్ ఒంటి చేతికి తిరిగింది.

అప్పుడు టైము ఒంటిగంటా యాభై ఐదు. జేబులో పాత ఫారం ఉంది. దాని మీద తొమ్మిదో గడిలో రెండు టిక్కులు, అడుగున రెండు సంతకాలు. చేతిలో కొత్త ఖాళీ ఫారం ఉంది. పాతది చింపేస్తే, ఎత్తు సరిచేయడానికి ఆలస్యమైందని చెబితే, అది అబద్ధం కూడా కాదు. క్యాంపస్ వాళ్ల నియమం మా అందరికీ తెలుసు. చూడకుండా సంతకం చేసినట్టు తేలితే ఆ డ్రైవర్‌ను వాళ్ల గేటు లోపలికి రానివ్వరు. పైగా సత్తయ్య ఎందుకు చూడలేదని అడుగుతారు, మోకాళ్ల సంగతి బయటికి వస్తుంది. నా సంగతి కూడా వస్తుంది. రెండు నిమిషాలు ఆ రెండు కాగితాలూ పట్టుకుని నిలబడ్డాను. ఎక్కువ ఆలోచించింది ఎవరి గురించో రాయను.

సత్తయ్య నా చేతిలోని కాగితాలు చూశాడు.

“తప్పు నాది సారూ. ఆ కాయిదం మీద నా పేరు ఉండనియ్యుండ్రి. మీ పేరు తీసెయ్యుండ్రి. మీరు ఆపిన్రు కదా.”

ఆయన అలా అనకపోయి ఉంటే నేను ఏం చేసేవాడినో కచ్చితంగా చెప్పలేను. ఆపిన మాట నిజం. ఆపడానికి ఇరవై నిమిషాల ముందు సంతకం చేసిన మాట కూడా నిజం. లావణ్యకు ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

“మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదండీ?”

“తెలిసేది కాదమ్మా.”

“అయితే రెండు ఫారాలూ పంపించండి. పాతదీ, కొత్తదీ.” ఇక ఈరోజు బండి తియ్యొద్దనీ, మిగిలిన గంటలో హడావిడిగా ఫ్లైఓవర్ ఎక్కొద్దనీ, తన పైవాళ్లతో తనే మాట్లాడుకుంటుందనీ చెప్పింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

జనరేటర్ మూడు వారాల తర్వాత వేరే డ్రైవర్‌తో వెళ్లింది. సత్తయ్యను క్యాంపస్ జాబితాలోంచి తీసేశారు. డాక్టర్ మోకాళ్లు చూసి పెద్ద ట్రైలర్లకు పనికిరాడని రాశాడు. కంపెనీ ఆయన్ను యార్డు లోపల బళ్లు జరిపే పనికి మార్చింది. నాకు మందలింపు లేఖ వచ్చింది. సేఫ్టీకి సంబంధించిన లేఖలన్నీ ఫైలు చేసేది నేనే కాబట్టి, దానికి నంబరు వేసి, తారీఖు రాసి, అందినట్టు సంతకం పెట్టి నేనే ఫైల్లో పెట్టుకున్నాను. ఆ సంతకం మాత్రం చదివే పెట్టాను.

సత్తయ్య రెండు నెలలు నాతో పని మాట తప్ప మాట్లాడలేదు. ఆ రెండు నెలల్లో నేను తొమ్మిదో గడి గురించి చాలా ఆలోచించాను. మేనేజర్ పెద్ద సర్క్యులర్ ఇద్దామన్నాడు. ఇద్దరూ తప్పకుండా చూడాలని. అది ముందు నుంచీ ఉన్నదే. గోడకు అతికిస్తే మళ్లీ మూడు నెలల్లో ‘పడ్డది’ దగ్గరికే వస్తాం. నేను ఒక చిన్న మార్పు అడిగాను. ఫారంలో రెండు సంతకాల వరుస మార్చమన్నాను. ముందు సూపర్‌వైజర్ దూరి చూస్తాడు, సంతకం చేస్తాడు. తర్వాత డ్రైవర్ చూస్తాడు. అంతే. ఒక్క గీత పైకీ కిందకీ.

కొత్త ఫారం వచ్చిన మొదటి వారం ఒక ఖాళీ ట్రైలర్‌ను యార్డులో ఆ మూల నుంచి ఈ మూలకు జరపాల్సి వచ్చింది. సత్తయ్య హార్స్ వెనక్కి తెచ్చాడు. నేను పాత ప్యాంటు వేసుకుని వచ్చి, కిందకి దూరి, సందు లేదని చూసి, దవడలు చూసి, బయటికి వచ్చి సంతకం చేశాను. ఆయన వర్క్‌షాపు నుంచి చక్రాల పలక ఒకటి తెచ్చుకున్నాడు, మెకానిక్‌లు వెల్లకిలా పడుకుని బండి కిందకి జారేది. దాని మీద పడుకుని లోపలికి జారాడు. లోపలి నుంచే అన్నాడు.

“సారూ, హ్యాండిల్‌కు అడ్డం పుల్ల పెట్టలే. ఏం జూసిన్రు మీరు?”

దవడల హ్యాండిల్ కుదుపులకు వెనక్కి రాకుండా పెట్టే చిన్న పిన్ అది. నిజంగానే నేను చూడలేదు. చుట్టూ ఉన్న డ్రైవర్లు నవ్వారు. నాకేమీ కాలేదు. యార్డులో నా పరువు అంతకంటే కిందకి దిగే వీలు లేని చోటే ఉంది. టిక్కు కొట్టేసి, పుల్ల పెట్టించి, మళ్లీ టిక్కు పెట్టాను. మిగిలిన మూడేళ్లలో ఆ వరుసలో తొమ్మిదో గడిని ఒక్కరు కూడా చూడకుండా దాటలేదు. నాకు తెలిసినంతవరకు అని రాయాలి. ఆ మాట వదిలేయడం వల్లే ఇదంతా జరిగింది.

నేను నేర్చుకున్నది ఇది. ఎక్కువ తెలిసినవాడు చూశాక తక్కువ తెలిసినవాడు మళ్లీ చూస్తే, అది మా దగ్గర అనుమానం అవుతుంది. తక్కువ తెలిసినవాడు చూశాక ఎక్కువ తెలిసినవాడు చూస్తే, అది దిద్దడం అవుతుంది. చూసేది అవే దవడలు, అదే పిన్. అందుకని తన తప్పు ఎవరైనా ఎత్తి చూపితే ఓర్చుకోగలిగినవాడిని ముందు పంపాలి. మా యార్డులో ఆ అర్హత ఎవరికుందో వెతకాల్సిన పని పడలేదు.